దావాకు పెట్టుబడి - గెలుపులో వాటా

న్యాయమైన హక్కు కలిగియు, కోర్టు ఖర్చులకు పైకము లేని పేద యేమి చేయవలెను? అన్యుడొకడు సొమ్ము పెట్టి, గెలిచిన ఆస్తిలో వాటా కోరినచో అది సహాయమా, దురాశయా?

ఇంగ్లండులో 1275 నాటి వెస్టుమినిస్టరు శాసనము రాజోద్యోగులకు ఇట్టి బేరములను నిషేధించెను. పలుకుబడి గలవారు పరుల వ్యాజ్యములలో చొరబడి న్యాయమును వక్రింపజేయుదురను భయమే దీనికి మూలము. పిమ్మట ఆ నిషేధము ఇతరులకును వ్యాపించి, 1967 వరకు నేరముగానే నిలిచెను.

భారతదేశమున మార్గము వేరయ్యెను. కలకత్తానుండి వచ్చిన రామకుమార కుండు వ్యాజ్యమున 1876లో లండనులోని ప్రీవీ కౌన్సిలు, ఆంగ్లేయుల నిషేధము ఇచ్చట వర్తింపదని నిర్ణయించెను. వివాదాస్పదమైన ఆస్తి తప్ప వేరాధారము లేని హక్కుదారునికి తోడ్పడుట న్యాయమునకు సహాయమే కావచ్చుననెను. కాని వాటా మితిమీరినను, కక్షసాధింపుకై దావా నడిపించినను, అట్టి ఒడంబడిక చెల్లదని హెచ్చరించెను.

న్యాయవాదికి మాత్రము ఈ వెసులుబాటు లేదు. కక్షిదారుని గెలుపులో వాటా పుచ్చుకొనుట వృత్తిధర్మమునకు విరుద్ధమని 1954లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. వాదించువాడే వాటాదారుడైనచో, అతని సలహాను స్వార్థము నడుపును గదా!

పేదకు కోర్టు తలుపు తెరవవలెను. ఆ తలుపువద్ద వాని ఆస్తిని దోచుకొనరాదు. ఈ రెంటిని కాపాడుటయే ఆ తీర్పుల సారము. కావున వ్రేలిముద్ర వేయుటకు ముందే ఒడంబడికను చదివించుకొని, వాటా యెంతయో తెలిసికొనుట గ్రామస్థునికి శ్రేయస్కరము.