సెక్షన్ 143 నీడలో చిన్న దుకాణం

ఇంటర్నెట్ వ్యాపారానికి పెట్టుబడి పెద్దగా అక్కరలేదనీ, పట్టుదల ఉంటే చాలుననీ యువతకు చెప్పడం మన రాజకీయ నాయకులకు అలవాటైపోయింది. ఒక రైల్వే పట్టణం చరిత్రను దగ్గర పెట్టుకుని చూస్తే ఆ మాటలో సగమే నిజమని తేలుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ అందుకు తగిన ఊరు.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే అప్పటికే ఉన్న నాగపూర్-ఛత్తీస్‌గఢ్ మార్గాన్ని స్వాధీనం చేసుకుని, బ్రాడ్‌గేజీగా మార్చి, 1891 నాటికి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ దాకా పొడిగించింది. జంక్షన్‌తో పాటే రైల్వే కాలనీ పెరిగింది. కొలువు వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి బయలుదేరిన కుటుంబాలు ఖరగ్‌పూర్ మొదలుకొని బిలాస్‌పూర్ వరకు ఆ రైల్వే పొడవునా స్థిరపడ్డాయి. 1931లో రాయపూర్-విజయనగరం మార్గం పూర్తయ్యాక ఆ రాకపోకలు ఇంకా సులువయ్యాయి. 1920లలో ఆ రైల్వే కార్మికులను సంఘటితం చేసిన నాయకుల్లో, తరువాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ముఖ్యులు. నెల జీతం, క్వార్టరు, పెన్షను, వాటికి కాపలాగా సంఘం: రైల్వే పట్టణపు బతుకు ఈ నాలుగింటి మీద ఆధారపడి సాగింది.

1990ల నుంచి ఆ ఆధారం సడలింది. 1991లో 16 లక్షలు దాటిన రైల్వే సిబ్బంది సంఖ్య మూడు దశాబ్దాలలో 12 లక్షల దరిదాపులకు దిగింది. పట్టణం ఉద్యమించి సాధించుకున్న ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ కేంద్రంగా వెలసింది. ప్రధాన కార్యాలయమైతే వచ్చింది గాని, తండ్రులకు దొరికినన్ని కొలువులు బిడ్డలకు దొరకలేదు.

ఇంటర్నెట్ సరిగ్గా ఆ సమయంలోనే వచ్చింది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రారంభించిన సేవలో బొమ్మలతో కూడిన పేజీలు చూడగల కనెక్షన్‌కు 250 గంటలకు 15,000 రూపాయలు చెల్లించవలసి వచ్చేది. 1998 నవంబరులో ఆ సంస్థ గుత్తాధిపత్యం ముగిసింది. హైదరాబాదు సత్యం గ్రూపుకు చెందిన సత్యం ఇన్ఫోవే వంటి ప్రైవేటు సంస్థలు రంగంలోకి దిగాయి. ఎస్టీడీ బూతులు క్రమంగా నెట్ సెంటర్లుగా మారాయి. 2002 ఆగస్టు 3న ఐఆర్‌సీటీసీ ఆన్‌లైన్ టికెట్లు అమ్మడం మొదలుపెట్టడంతో ఈ దుకాణాలకు నికరమైన సరుకు దొరికింది. గిడ్డంగి అక్కరలేదు, అరువు అక్కరలేదు. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఫోను లైను ఉంటే చాలు. క్యూలో నిలబడే తీరిక గాని, కార్డు గాని, ఇంగ్లీషు గాని లేని ప్రయాణికులు ఆ దుకాణం మెట్లెక్కారు.

అయితే ఈ వ్యాపారానికి తక్కువ పెట్టుబడి చాలడానికి కారణం, ఎక్కువ పెట్టుబడి అంతకు ముందే మరొకరు పెట్టి ఉండటం. పట్టాలు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు, 2000లో ఏర్పడిన రైల్‌టెల్ పట్టాల వెంట పరిచిన ఆప్టికల్ ఫైబర్, ఇవన్నీ ప్రజాధనంతో వచ్చినవే. ఆ ఆస్తి ఎవరి చేతిలో ఉందో వారిదే నిబంధన. అధీకృత ఏజెంటు ఏసీ టికెట్టుకు 40 రూపాయలు, మిగిలినవాటికి 20 రూపాయలు మించి సేవా రుసుము తీసుకోరాదు. 2025 జూలై నుంచి తత్కాల్ బుకింగు మొదటి అరగంట అతనికి మూసేశారు. అనుమతి లేకుండా సొంత ఐడీతో ఇతరులకు టికెట్లు తీసి అమ్మడమే వృత్తిగా పెట్టుకుంటే 1989 నాటి రైల్వే చట్టంలోని సెక్షన్ 143 వర్తిస్తుంది. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంటర్నెట్ దేశంలోకి రాకముందు చేసిన ఆ చట్టం ఈ-టికెట్లకూ వర్తిస్తుందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే తీర్పులో, అధీకృత ఏజెంటు నిబంధనలు మీరితే అది ఈ సెక్షన్ కింద నేరం కాదనీ స్పష్టం చేసింది.

అక్రమ సాఫ్ట్‌వేర్లతో సీట్లు కొల్లగొట్టే ముఠాలు ఉన్న మాట వాస్తవం. వాటివల్ల నష్టపోయేది సామాన్య ప్రయాణికుడే. కాని ముఠా నాయకుడినీ, పది ఇరవై రూపాయల కోసం పొరుగువారికి టికెట్టు తీసిపెట్టే కుర్రవాడినీ ఒకే సెక్షన్ కింద నిలబెట్టడం న్యాయమా అన్నది చట్టసభ తేల్చవలసిన ప్రశ్న.

2019 అక్టోబరులో ఐఆర్‌సీటీసీ షేరు మార్కెట్టుకెక్కింది. 2021 అక్టోబరు 28న ఆ సంస్థ వసూలు చేసే కన్వీనియెన్స్ ఫీజులో సగం తనకివ్వాలని రైల్వే శాఖ కోరింది. షేరు కుప్పకూలడంతో మర్నాడే ఆ నిర్ణయాన్ని వెనక్కు తీసుకుంది. వాటాదారుల గోడు ఢిల్లీకి ఒక్క రోజులో వినిపించింది. బిలాస్‌పూర్ కౌంటరు వెనక కూర్చున్న మనిషికి షేరు ధర లేదు, సంఘమూ లేదు. వి.వి. గిరి తరం రైల్వే కార్మికుడికి సంపాదించిపెట్టిన బేరమాడే శక్తి, ఆ కార్మికుడి మనవడి దుకాణం దాకా రానేలేదు. చిన్న పెట్టుబడి గురించి ఉపన్యసించే పార్టీలు ముందుగా ఈ లోటుకు సమాధానం చెప్పాలి.