చూపు తేడాను లెక్కించని వయసు: పంజాగుట్ట డిమెన్షియా పరిశోధనపై ఒక అభ్యంతరం

పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో పరీక్షించిన 648 మంది డిమెన్షియా రోగుల గురించి నరాల వైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం 2013లో 'న్యూరాలజీ' పత్రికలో ప్రచురించిన వ్యాసం హైదరాబాదుకు ప్రపంచ ఖ్యాతి తెచ్చింది. ఒక్క భాషే వచ్చినవారికంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందనీ, చదువురానివారిలోనూ ఆ తేడా నిలిచిందనీ అందులో తేల్చారు. నా పేచీ భాషతో కాదు, జబ్బు మొదలైన వయసును నిర్ణయించిన పద్ధతితో. ఆ వయసు ఇంటివాళ్లు చెప్పినది. ఇంటివాళ్లు మతిమరుపును పసిగడతారు, మాట తడబడితే పసిగడతారు. చూపు ఆనడం లేదంటే మాత్రం చత్వారమనో శుక్లమనో సరిపెట్టుకుంటారు.

డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్‌లో చూపు తగ్గినప్పుడు ప్రధానంగా దెబ్బతినేది కన్ను కాదు, కన్ను పంపినదాన్ని పోల్చుకునే మెదడు. తెల్ల పళ్లెంలో పెరుగన్నం పెడితే అన్నమెక్కడిదాకా ఉందో, పళ్లెం అంచు ఎక్కడ మొదలైందో తెలియక చెయ్యి ఆగిపోతుంది; అది చూసి ఆకలి మందగించిందనుకుంటారు. 2004లో బోస్టన్ పరిశోధకులు జబ్బు ముదిరినవారికి తెల్ల పాత్రలకు బదులు ఎర్ర పాత్రల్లో వడ్డిస్తే, వారు తిండి 25 శాతం, పానీయాలు 84 శాతం ఎక్కువ తీసుకున్నారు. కొద్దిమందిపై చేసిన ప్రయోగమే అయినా దాని సూచన స్పష్టం. చిక్కు పళ్లెంతో ఆగదు. హైదరాబాదు అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదానిమీదొకటి ఎక్కి ఉంటాయి. ఏ ఒక్క బోర్డునైనా విడిగా చూపిస్తే చదివే రోగులే, అన్నీ ఒక్కసారిగా కళ్లబడితే దేన్నీ పట్టుకోలేకపోవచ్చు. ఈ లోపాన్ని వైద్యుడు బాలింట్ 1909లోనే వర్ణించాడు. చూపుతోనే మొదలయ్యే క్షీణతను నరాల వైద్యుడు బెన్సన్ 1988లో ప్రత్యేకంగా గుర్తించాడు. అలాంటి క్షీణత ఉన్నవారిలో కొందరికి పెద్ద అక్షరంకంటే చిన్నదే తేలిగ్గా అందుతుంది. కాబట్టి కంటి డాక్టరు గదిలో చార్టు చివరి వరస దాకా చదివి, అద్దాల నంబరు సరిపోయిందనిపించుకుని, మెట్రో మెట్ల దగ్గర మాత్రం అడుగు ఎక్కడ వేయాలో తోచక నిలబడిపోతారు.

చూపుతో మొదలయ్యే రోగులు అరుదన్నది నిజమే, కానీ అడగనిదానికి జవాబు ఎలా దొరుకుతుంది? డిమెన్షియాను పసిగట్టడానికి వాడే 1975 నాటి ఫోల్‌స్టీన్ పరీక్షలో 30 మార్కులకు పంచభుజాల బొమ్మ చూసి గీయడానికి దక్కింది ఒక్కటే. పలక పట్టనివారు ఆ పంచభుజాలను తప్పు గీస్తే అది చదువు లోపమో జబ్బో చెప్పలేం. వాకిట్లో ముగ్గు వేసే అలవాటున్న స్త్రీలను చుక్కలు పెట్టి కలపమంటే ఆ చిక్కు చాలావరకు విడిపోతుంది. బడికి వెళ్లకపోయినా చుక్కకూ చుక్కకూ మధ్య దూరం వాళ్ల చేతికి తెలుసు, ఆ దూరం తప్పినప్పుడు పక్కింటివాళ్లకూ తెలుస్తుంది.

చూపును విస్మరించడం ఒక్క భాషవారికీ ఎక్కువ భాషలవారికీ సమానమే కదా, తేడా ఎందుకు మారాలి అనవచ్చు. సమానం కాదు. తెలుగూ ఉర్దూ రెండూ ధారాళంగా మాట్లాడే మనిషి మాట చివరిదాకా నిలబడితే, ఆ మాట విని ఇంటివాళ్లు ధైర్యంగా ఉండిపోతారు. చూపులో వచ్చిన మార్పు మరింత కాలం మరుగున పడుతుంది. అప్పుడు ఆ నాలుగున్నరేళ్లు జబ్బు ఆలస్యంగా వచ్చిన కాలం కాదు, ఇంటివాళ్లు ఆలస్యంగా గమనించిన కాలం.