లోతు సముద్రపు పగడాలు, చేపలు, వేట

సాధారణంగా 200 మీటర్లకు దిగువన, వెలుతురు అందని చల్లని నీటిలో పెరిగే పగడాలకు నీటిలో కొట్టుకొచ్చే సూక్ష్మజీవులు, పైనుంచి రాలే సేంద్రియ కణాలే ఆహారం. ఎదుగుదల చాలా నెమ్మది. హవాయి దగ్గర దొరికిన ఒక నల్ల పగడం వయసు 4,000 ఏళ్లు దాటిందని రేడియోకార్బన్ పరీక్షలో తేలింది. విశాఖపట్నం ట్రాలర్లు రొయ్యలకు లాగే అడుగు వలను చూస్తే ఆ వయసుకున్న అర్థం బోధపడుతుంది. వల నోటిని తెరిచి ఉంచే బరువైన పలకలు నేలను గీసుకుంటూ పోతాయి. బురద నేల కొంతకాలానికి సర్దుకుంటుంది, విరిగిన పగడం మాత్రం మన తరాల్లో తిరిగి రాదు.

చేపలకు పగడమే కావాలా, రాళ్లు చాలవా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అమెరికా తూర్పు తీరాన మెయిన్ సింధుశాఖలో కొన్ని రాతి నేలల్లోనూ ఎర్రచేపలు పగడాల దగ్గర ఉన్నంత దట్టంగానే కనిపించాయి. అయితే నార్వేలో పగడాల మధ్య వేసిన గాలపు తాళ్లకు పెద్ద చేపలు పడ్డాయి. కెనడా తీరంలో పగడాల బంధువులైన సముద్రపు ఈకల్లో ఎర్రచేప పిల్లలు దొరికాయి. పెద్ద చేపలను లెక్కపెట్టి ఊరుకుంటే ఈ పురిటిల్లు కనబడదు.

మన దేశపు తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉందిగా అనవచ్చు. అది గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడుతుంది, నేలను కాదు. నార్వే 1999లో సూలా పగడపు దిబ్బపై అడుగు వలలను నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2016లో తన జలాల్లో 800 మీటర్ల దిగువన వాటిని ఆపింది. బంగాళాఖాతంలోనూ ముందు పగడాల పటం గీసి, ఆ చోట్లను శాశ్వతంగా మూయాలి.