సూరత్ మణుగు, మద్రాసు మణుగు



చింతపండు బేరం చేసే పెద్దవాళ్ల నోట ‘వీశె’ అనే మాట మీలో కొందరైనా విని ఉంటారు. మా అమ్మమ్మ చివరిదాకా వీశెల్లోనే లెక్క చెప్పింది. వీశె అంటే 120 తులాలు, ఇప్పటి కొలతలో 1 కిలో 400 గ్రాములు. ఐదు సేర్లు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు, ఇరవై మణుగులు ఒక బారువు. అంటే మణుగుకు నలభై సేర్లు. ఈ ‘నలభై’ని గుర్తుంచుకోండి. ఈ పాఠమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఈనాటి మన విషయం పేరు వినడానికి బరువుగా ఉంటుంది. వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషులు తయారుచేసిన సమాచారాన్ని ఒకచోట కలపాలంటే ముందు ఒక చోటి మాటకు మరొక చోట ఏ మాట సరిపోతుందో తేల్చుకోవాలి. కంప్యూటర్ శాస్త్రంలో దీన్ని ‘ఆంటాలజీ మ్యాచింగ్’ అంటారు. ఒక రంగంలో ఏయే వస్తువులున్నాయి, వాటి మధ్య సంబంధాలేమిటి అన్నది యంత్రానికి అర్థమయ్యేలా రాసిపెట్టిన వ్యవస్థ ఆంటాలజీ. మణుగు, సేరు, తులం, వాటి మధ్య ఉన్న లెక్క, ఇదంతా కలిపితే ఒక చిన్న ఆంటాలజీయే. అలాంటి రెండింటిని జత చేయడం ఎంత కష్టమో కంప్యూటర్లు రాక చాలా ముందే గుమాస్తాలకు తెలుసు. అందుకని కథను సూరత్ రేవులో మొదలుపెడదాం.

సూరత్ గుజరాత్‌లో తాపీ నది ఒడ్డున ఉంది. మొఘలుల కాలంలో పశ్చిమ తీరపు ప్రధాన రేవు అదే. 1608లో విలియం హాకిన్స్ ఓడ అక్కడికి చేరింది. 1613లో ఆంగ్లేయులకు అక్కడ వర్తకశాల నడుపుకోవడానికి అనుమతి దొరికింది. అంతకు రెండేళ్ల ముందే, 1611లో, వాళ్లు మన మచిలీపట్నంలో దిగారు. డచ్చివారు కూడా రెండు చోట్లా ఉన్నారు. అంటే ఒకే కంపెనీకి రెండు తీరాల్లో రెండు ఖాతా పుస్తకాలు. సూరత్ పుస్తకంలో నీలిమందు, మచిలీపట్నం పుస్తకంలో అద్దకం బట్టలు. రెండింటిలోనూ తూకాలున్నాయి, రెండింటిలోనూ ఒకే మాట ఉంది. గుజరాతీ వర్తకుడు ‘మణ్’ అన్నాడు, మనవాడు ‘మణుగు’ అన్నాడు, ఆంగ్ల గుమాస్తా రెండింటినీ ‘మాండ్’ అని రాసుకున్నాడు.

ఇప్పుడు మీరే ఆ కంపెనీ లండన్ కార్యాలయంలో కూర్చున్నారనుకోండి. రెండు పుస్తకాలూ కలిపి మొత్తం సరుకు ఎంతో తేల్చాలి. ఎలా కలుపుతారు?

మొదట తోచేది పేరు. రెండు చోట్లా మాండ్ అనే ఉంది కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు. అనుమానం వచ్చి ఇంకొంచెం లోతుగా చూస్తారు, పేరు కాక నిర్మాణం సరిపోతుందేమోనని. సూరత్‌లో మణుగుకు 40 సేర్లు. ఇక్కడా 40 సేర్లే. సూరత్‌లో 20 మణుగులు ఒక ఖండి, ఆంగ్లేయుల భాషలో ‘క్యాండీ’. ఇక్కడ 20 మణుగులు ఒక బారువు, దాన్ని కూడా వాళ్లు క్యాండీ అనే రాశారు. పేరు కలిసింది, పై మెట్టు కలిసింది, కింది మెట్టు కలిసింది. పరీక్షలో నూటికి నూరు మార్కులు వేయాల్సిన జోడీ ఇది.

కానీ తూచి చూస్తే సూరత్ మణుగు ముప్పై ఏడుంబావు పౌన్లకు కాస్త పైన, కచ్చితంగా చెప్పాలంటే 37 పౌన్లు, మరో పౌనులో మూడో వంతు. మద్రాసు మణుగు 25 పౌన్లు. బొంబాయి మణుగు 28 పౌన్లు. 1833లో కలకత్తా ప్రభుత్వం 180 గ్రెయిన్ల తులాన్ని ప్రమాణంగా పెట్టాక బెంగాల్ మణుగు 82 పౌన్ల పైన. ఎందుకింత తేడా అంటే తేడా అంతా సేరులోనే దాక్కుంది. బెంగాల్ సేరు 80 తులాలు, మన సేరు 24 తులాలు. నలభై సేర్ల లెక్క మాత్రం ఇద్దరిదీ ఒకటే. కూరలో ఉప్పు చెంచాల్లో కొలిచే ఇద్దరికి చెంచా సైజు వేరైతే ఏమవుతుందో అదే ఇక్కడా అయింది.

కాబట్టి మూడో దారి, అసలు వస్తువును పట్టుకుని పోల్చడం. ఈస్టిండియా కంపెనీ చివరికి చేసింది అదే. 1820లలో వివిధ ప్రాంతాల తూకపు రాళ్లను లండన్‌కు తెప్పించింది. పాట్రిక్ కెల్లీ అనే గణితజ్ఞుడు వాటిని ఆంగ్ల తూకాలతో పోల్చి పట్టికలు తయారుచేశాడు. కలకత్తా టంకశాలలో పనిచేసిన జేమ్స్ ప్రిన్సెప్ 1834లో అలాంటి పట్టికలను పుస్తకంగా అచ్చువేశాడు. బ్రాహ్మీ లిపిని చదివిన ప్రిన్సెప్ ఇతనే. మాటను నమ్మకుండా రాయిని తూచినవాడు, రాయి మీది అక్షరాన్ని కూడా అంతే ఓపికతో చదివాడన్నమాట.

అయితే తూచిన అంకె ఒక్కటే చాలుతుందా? చాలదు. ఇక్కడ ఒక తమాషా ఉంది. బెంగాల్ మణుగును మన మెట్రిక్ లెక్కలోకి మారిస్తే 37.32 కిలోలు వస్తుంది. సూరత్ మణుగు 37.33 పౌన్లు. ప్రమాణం పేరు రాయకుండా రెండు పుస్తకాల్లో ‘మణుగు: 37.3’ అని ఉంటే, అంకెలను మాత్రమే పోల్చే మనిషి వాటిని క్షణంలో జతకట్టేస్తాడు. నిజానికి ఒకటి రెండోదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. పౌను కూడా అందరిదీ ఒకటి కాదు. ఆంగ్లేయుల పౌను సుమారు 454 గ్రాములైతే, డచ్చివారి ఆమ్‌స్టర్‌డామ్ పౌను సుమారు 494 గ్రాములు.

దీనికి తిరగబడిన పొరపాటు కూడా ఉంది. మన రైతుకు ఇరవై తూములు ఒక పుట్టి. ఇరవైకి ఇరవై సరిపోయిందని పుట్టిని క్యాండీకి జతచేస్తే ధాన్యం రాశి కొలతను తూకంతో కలిపేసినట్టే. పైగా పుట్టెడు గింజలు పట్టే పొలాన్ని కూడా పుట్టి అనే అన్నాం మనం!

ఇది చరిత్రకారులకు ఎందుకు ముఖ్యమో చూడండి. 1630 నుంచి 1632 వరకు గుజరాత్‌లో ఘోరమైన కరవు వచ్చింది. సూరత్ నుంచి ఆగ్రా వెళ్తూ పీటర్ మండీ అనే ఆంగ్ల ఉద్యోగి దారి పొడవునా తాను చూసిన శవాల గురించి రాసిపెట్టాడు. ఆ కరవు తరువాత గుజరాత్ ఎప్పటికి కోలుకుంది, ధాన్యం ఎప్పటికి చౌక అయింది అని తెలుసుకోవాలంటే మనకు మిగిలిన ఆధారాల్లో మణుగు ధరలు ముఖ్యమైనవి. సరిగ్గా అదే దశాబ్దం మధ్యలో సూరత్ సేరు 18 పైసల తూకం నుంచి 20 పైసల తూకానికి మారింది. మణుగు సుమారు 33 పౌన్ల నుంచి సుమారు 37 పౌన్లకు పెరిగింది. మణుగు ధర పుస్తకంలో ఏమీ మారకపోయినా, పౌను లెక్కన చూస్తే సరుకు పదో వంతు చౌక అయినట్టు. ఈ మార్పు పట్టించుకోని చరిత్రకారుడు ఆకలి ఇంకా తగ్గలేదని రాసేస్తాడు. పేరు, ఊరు, నిర్మాణం అన్నీ సరిపోయినా సంవత్సరం చూడకపోతే అంతే.

ఇక కంప్యూటర్ల కాలానికి వద్దాం. 1990లలో బ్యాంకులు, ఆసుపత్రులు, గ్రంథాలయాలు తమ సమాచారాన్ని కలుపుకోవాలని చూసినప్పుడు పాత గుమాస్తా సమస్యే మళ్లీ ఎదురైంది. ఈసారి మాటలు వేలల్లో ఉన్నాయి, మనిషి ఒక్కొక్కటీ కూర్చుని పోల్చలేడు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 2001లో ‘ఎల్‌ఎస్‌డీ’ అనే పద్ధతి, జర్మనీలోని లైప్‌జిగ్‌లో 2002లో ‘కోమా’ అనే పద్ధతి వచ్చాయి. రెండింటి మూలసూత్రం ఒకటే. ఒక్క పోలికను నమ్మవద్దు. పేరును చూసేవాడు ఒకడు, నిర్మాణాన్ని చూసేవాడు ఒకడు, లోపలి విలువలను చూసేవాడు ఒకడు. ఎవరి మార్కులు వాళ్లు వేస్తారు. తరువాత ఆ మార్కులను కలుపుతారు.

కలపడంలోనే అసలు చిక్కు. సూరత్ నుంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. ఒక పిల్లవాడి వివరాలు గుజరాతీ పట్టికలో ‘అటక్’ కింద, తెలుగు పట్టికలో ‘ఇంటిపేరు’ కింద ఉన్నాయనుకోండి. రెండూ ఒకటే. కానీ అక్షరాలు పోల్చేవాడికి ఒక్క అక్షరమూ కలవదు, సున్నా మార్కులు. నిఘంటువు చూసేవాడు పదికి తొమ్మిది వేస్తాడు. విలువలు చూసేవాడికి ఒకచోట పటేల్, దేశాయి కనిపిస్తారు, రెండోచోట తెలుగు ఇంటిపేర్లు కనిపిస్తాయి. అయినా ఒకే మాట చాలామందికి మళ్లీ మళ్లీ వస్తోంది, ఇది కుటుంబం పేరే అయ్యుంటుందని ఆరు వేస్తాడు. సగటు తీస్తే ఐదు. పాస్ మార్కు ఆరు అని పెడితే సరైన జోడీ తప్పిపోతుంది. పోనీ అందరిలో ఎక్కువ వేసినవాడి మాటే తీసుకుందామా? అప్పుడు తొమ్మిది, జోడీ దొరుకుతుంది. కానీ అదే సూత్రంతో సూరత్ మణుగు, మద్రాసు మణుగు పదికి పది మార్కులతో జతకూడుతాయి! (ఈ మార్కులు పాఠం కోసం నేను వేసినవి. లెక్క తీరు మాత్రం నిజమైనదే.)

అందుకే ఎల్‌ఎస్‌డీలో ఒక పెద్ద పరీక్షకుణ్ణి పెట్టారు. ముందే సరైన జవాబులు తెలిసిన కొన్ని జోడీలను చూపి, ఏ పరీక్షకుడు ఏ రకం ప్రశ్నలో నమ్మదగినవాడో అతనికి నేర్పిస్తారు. భాషలు వేరైన చోట అక్షరాలు చూసేవాడి మాటకు విలువ తగ్గుతుంది. తూకాల దగ్గర పేరు చూసేవాడి కన్నా రాయి తూచేవాడి మాటకు విలువ పెరుగుతుంది. నా దృష్టిలో ఈ రంగంలో వచ్చిన ఆలోచనల్లో అన్నిటికన్నా తెలివైనది ఇదే. తక్కినవాటిలో చాలా భాగం దీనికి మెరుగులు.

ఇలా కలపడం వల్ల లాభం ఎంత? 2004 నుంచి ఈ పద్ధతులకు ఏటా అంతర్జాతీయ పోటీ జరుగుతోంది. అందులో ఒక పరీక్ష ఎలుక శరీరభాగాల పట్టికను మనిషి శరీరభాగాల పట్టికతో జతచేయడం. ఒకదానిలో 2,744 పేర్లు, రెండోదానిలో 3,304. ఎలుక మీద జరిపిన పరిశోధన ఫలితం మనిషిలో ఏ భాగానికి వర్తిస్తుందో తెలియాలంటే ఈ జోడీలు కావాలి. పేర్లను అక్షరాలా పోల్చితే దొరికినవి దాదాపు అన్నీ సరైనవే, కానీ దొరకాల్సినవాటిలో 62 శాతమే దొరుకుతాయి. అనేక పద్ధతులను కలిపిన మంచి వ్యవస్థలు 90 శాతం దాటాయి. మిగిలిన కొద్ది శాతం ఇప్పటికీ మనిషి కూర్చుని చూడాల్సిందే. ఎక్కువ తంటా అక్కడే.

మన దేశంలో 1956లో మెట్రిక్ తూకాల చట్టం వచ్చింది, ఒక్కో ప్రాంతంలో అమలవుతూ 1960ల మొదటికి కిలోలు స్థిరపడ్డాయి. మణుగు పోయిందనుకుంటాం. గుజరాత్ వ్యవసాయ మార్కెట్లలో నేటికీ పత్తి ధర మణ్ లెక్కన పలుకుతారు, ఇప్పుడా మణ్ 20 కిలోలు. దేశమంతటా పత్తి వ్యాపారులు దూది ధరను క్యాండీల్లోనే చెబుతారు, ఆ క్యాండీ సుమారు 356 కిలోలు. అది సూరత్ పాత ఖండీ కాదు, మద్రాసు బారువూ కాదు. బొంబాయి పత్తి వర్తకులది, 28 పౌన్ల మణుగులు ఇరవై కాదు, ఇరవై ఎనిమిది. పేరు అదే, ఊరు దగ్గరిదే, ఇరవై మెట్టు మాత్రం తప్పింది. రేపు పత్రికలో గుంటూరు క్వింటాలు ధర, దూది క్యాండీ ధర పక్కపక్కన కనిపిస్తే రెండింటినీ కిలోలోకి మార్చి పోల్చండి. పోల్చే ముందు ఒకటి గింజతో ఉన్న పత్తి ధర, రెండోది గింజ తీసిన దూది ధర అన్నది కూడా చూసుకోండి.