సూటు వేసుకున్న ఫొటో అబద్ధమా?

1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. మాల, మాదిగలూ అందులో ఉన్నారు. ముక్కులు కొలిచాడు, ఫొటోలు తీశాడు. చాలా ఫొటోల కింద కులం పేరే ఉంటుంది, మనిషి పేరుండదు.

అమెరికాలో నల్లవాళ్ళ మీదా కెమెరా ఇలాగే పనిచేసింది. 1850లో హార్వర్డ్ ప్రొఫెసర్ లూయీ అగస్సీ కోసం దక్షిణ కరోలినాలో బానిసలను బట్టలిప్పించి ఫొటోలు తీశారు.

దీనికి జవాబు నాకు జేమ్స్ వాన్ డెర్ జీ దగ్గర దొరికింది. 1886లో పుట్టిన ఈ నల్లజాతి ఫొటోగ్రాఫర్ న్యూయార్క్‌లోని హార్లెంలో స్టూడియో నడిపాడు. పెళ్ళిళ్ళు, చావులు, మార్కస్ గార్వీ ఊరేగింపులు తీశాడు. బొమ్మలు గీసిన తెరల ముందు మనుషుల్ని మంచి బట్టల్లో కూర్చోబెట్టేవాడు. నెగటివ్ మీద చేత్తో దిద్ది ముడతలు, విరిగిన పళ్ళు సరిచేసేవాడు.

అది అబద్ధం కదా అంటారు కొందరు. బట్టలిప్పించిన కెమెరాను ఆ మాట ఎందుకడగరు? తనెలా కనబడాలో ఇక్కడ ఆ మనిషే చెప్పుకున్నాడు. మన వాడల్లో బాబాసాహెబ్ సూటు, టైతో ఎందుకు నిలబడ్డాడో ఆలోచించండి.

1969లో మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనతో వాన్ డెర్ జీ పేరు లోకానికి తెలిసింది. అప్పటికి ఆయనకు 80 దాటాయి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ అవ్వలకూ తాతలకూ నచ్చిన బట్టల్లో ఫొటోలు తీయండి. వెనక పేరు, ఊరు, ఏడాది రాసిపెట్టండి.

జై భీమ్.