తుత్తునాగం, కావి: ముఖాన పూసిన ఖనిజాల చరిత్ర

గోదావరి జిల్లాల్లో ముఖానికి రంగు పూసుకోవడం మంగళం కోసం, వేషం కోసం, మందు కోసం జరిగిందే గాని ఎండ కోసం జరగలేదు; ఎండను ఆపే పనిని తలగుడ్డకూ పైటకొంగుకూ తాటాకు గొడుగుకూ అప్పగించి, ముఖాన పూసేదాన్ని పూజకూ పండుగకూ ఉంచుకున్నారు. అయినా నేడు మందుల దుకాణాల్లో రంగు కలిపిన ఖనిజ సన్‌స్క్రీన్ పేరుతో అమ్ముతున్న లేపనంలోని ముఖ్యద్రవ్యాలలో రెండు, తుత్తునాగపు భస్మమూ ఇనుపమట్టి రంగూ, తెలుగువారికి వేరే పేర్లతో ఎప్పటినుంచో తెలిసినవే.

1891లో కిర్లంపూడి జమీందారులైన ఇనుగంటివారి పూనికతో అన్నవరం రత్నగిరి మీద సత్యనారాయణస్వామి ప్రతిష్ఠ జరిగినప్పటినుంచి, పంపానది ఒడ్డునున్న ఆ కొండకు వ్రతానికి వచ్చే దంపతులకు పసుపు, కుంకుమ, గంధం తప్పనిసరి సరుకులు. వీటిలో ముఖమంతా పూసుకునేది పసుపు ఒక్కటే. దానికి రంగునిచ్చే కర్క్యుమిన్ అనే పదార్థం నీలివెలుగును కొంత పీల్చుకుంటుంది గాని ఎండకు తానే విరిగిపోతుంది. పసుపు మరక పడిన చీరను ఉతికి ఎండలో ఆరవేస్తే మరక వెలిసిపోతుందని తెలియని ఇల్లాలు లేదు. ఉతికేటప్పుడు సబ్బు తగలగానే ఆ మరక ఎర్రబడడం కుంకుమ తయారీలోని కిటుకే, ఎందుకంటే క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కుతుంది. కుంకుమ చేసేవారు పసుపుకు సున్నమో వెలిగారమో పట్టించేది అందుకే. కాబట్టి పసుపు ఎండకు కవచమన్న మాట నిలవదు.

ఎండకు చెక్కుచెదరని రంగు కావి. కావి, జాజు, జేగురు అని పలు పేర్లున్న ఎర్రమన్నుకు ఆ రంగునిచ్చేది ఐరన్ ఆక్సైడ్, అంటే ఇనుము ప్రాణవాయువుతో కలిసి తుప్పుగా మారిన పదార్థం. అది అప్పటికే పూర్తిగా తుప్పుపట్టినది గనుక ఇక ఎండ దాన్ని మార్చలేదు. గుడి గోడల మీద సున్నపు తెలుపు పక్కన పట్టెలుగా దిద్దే ఎరుపూ, అరుగుల అంచున పూసే జాజూ, అన్నవరానికి పొరుగునున్న ప్రత్తిపాడు మండలం వంతాడ కొండల్లోని లేటరైట్ రాతి ఎరుపూ ఈ పదార్థానివే. ఇదే ఇనుపమన్ను నీటితో కూడినప్పుడు పసుపుగానూ, మరో రూపంలో నల్లగానూ ఉంటుంది. ఆయుర్వేదం దీన్ని గైరికమని పిలిచి చర్మానికి పట్టు వేయించింది.

వేషధారుల రంగులు ఇంత నిరపాయకరమైనవి కావు. వీధి భాగవతులూ నాటక సమాజాలవారూ ముఖానికి మెరుపు కోసం పూసుకున్న అర్దళం, అంటే సంస్కృతంలోని హరితాళం, ఆర్సెనిక్ అనే విషపదార్థం గంధకంతో కలిసిన ఖనిజం. ఎరుపుకు వాడిన ఇంగిలీకం పాదరసమూ గంధకమూ కలిసినది. తెలుపుకు వాడిన సఫేదా అన్న మాట మొదట సీసపు తెలుపుకూ, తర్వాత జింక్ తెలుపుకూ చెల్లింది. ఆ కళాకారులు రాత్రంతా విషాన్ని ముఖాన మోశారన్న సంగతిని నాటక చరిత్ర రాసేవారు మరువరాదు.

జింక్‌కు తెలుగు పేరు తుత్తునాగం. కొలిమి వేడికే ఆవిరై పోయే ఈ లోహాన్ని పట్టుకోవడం కష్టం గనుక, రాజస్థాన్‌లోని జావర్ గనులవారు వంకాయ ఆకారపు మట్టిమూసలను తలకిందులుగా నిలిపి, ఆవిరిని కిందికి దింపి చల్లార్చారు. రసరత్నసముచ్చయమనే రసశాస్త్ర గ్రంథం వృంతాకమూష, అంటే వంకాయమూస, అని పేర్కొన్నది ఈ రకం పాత్రనే. ఇంగ్లండులో విలియం చాంపియన్ ఇటువంటి పద్ధతికి హక్కుపత్రం పొందినది 1738లో. ఈ లోహం మండితే మిగిలే తెల్లని భస్మమే జింక్ ఆక్సైడ్. ఆటలమ్మ పోసినప్పుడూ, వేసవిలో చెమటకాయలు లేచినప్పుడూ తెలుగు ఇళ్లలో పూసే గులాబీరంగు కాలమైన్ మందును పరిశీలిస్తే అది జింక్ ఆక్సైడే, దానికి గులాబీఛాయ నిచ్చేది నూటికి సుమారు అరపాలు ఐరన్ ఆక్సైడ్. తుత్తునాగమూ కావీ కలిసిన ఆ సీసా ఇన్నాళ్లూ ఇంట్లోనే ఉంది. అయితే దురద తగ్గించడానికి చేసినది గనుక ఎండకు దాన్ని నమ్ముకోరాదు.

సన్‌స్క్రీన్ ముఖ్యద్రవ్యాలలో మూడవదైన టైటానియం డయాక్సైడ్ కొత్తది. తూర్పు కనుమల రాళ్లు అరిగి, గోదావరిలోనూ ఇతర ఏరుల్లోనూ కొట్టుకువచ్చి, ఆంధ్ర తీరాన నల్ల ఇసుకగా మేటవేసిన ఇల్మనైట్ అనే ఖనిజంలో ఇనుమూ టైటానియమూ కలిసే ఉంటాయి. ఇనుమును వేరుచేస్తే మిగిలేది కళ్లు చెదిరే తెలుపు. కేరళ ఇసుకను ఆధారం చేసుకుని తిరువనంతపురంలో ఆ తెలుపును తయారుచేసే సంస్థ 1946లో ఏర్పడింది.

ఈ మూడింటినీ పోల్చినప్పుడు తేడా స్పష్టంగా కనిపిస్తుంది. టైటానియం డయాక్సైడ్ చర్మాన్ని కందజేసే పొట్టి అతినీలలోహిత కిరణాలను గట్టిగా ఆపుతుంది గాని పొడుగు కిరణాల దగ్గర బలహీనపడుతుంది. జింక్ ఆక్సైడ్ ఆ పొడుగు కిరణాలను కూడా చాలామేరకు అడ్డుకుంటుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఒక్కొక్కదాన్ని నూటికి 25 పాళ్ల వరకు అనుమతిస్తూ, సురక్షితమని గుర్తించదగినవి ఈ రెండేనని 2019లో ప్రతిపాదించింది. టైటానియం వెలుగును మరింతగా వెదజల్లుతుంది గనుక చామనఛాయ ముఖం మీద బూడిద పూసినట్లు కనిపిస్తుంది. ఆ తెలుపును కప్పడానికే ఐరన్ ఆక్సైడ్లు చేర్చారని చాలామంది అనుకుంటారు, కాని వాటి అసలు విలువ వేరే ఉంది. కంటికి కనిపించే వెలుగు కూడా ముదురు ఛాయ చర్మాన్ని నల్లబరుస్తుందని 2010లో వెలువడిన పరిశోధన చూపగా, ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేపనం మంగు మచ్చలను తగ్గించడంలో మెరుగని 2014లో మెక్సికో వైద్యులు తేల్చారు. నీలివెలుగును పీల్చుకునే శక్తి కావిదే, తెల్లని రెండు ఖనిజాలకూ అది తక్కువ. మంగుతో బాధపడే తెలుగు స్త్రీలకు తెల్లని లేపనం చాలదు.

ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లను పెట్టెల మీద వరుసగా సి.ఐ. 77491, 77492, 77499 అన్న సంఖ్యలతో ముద్రిస్తారు. కొనేవారు వెలనూ బొమ్మనూ చూసే ముందు ఆ సంఖ్యలను వెదకాలి.