దాచినది – ఇచ్చినది : బొమ్మకార్డుల సేకరణ చరిత్రలో ఒక పుట



మన భాషలో 'సంగ్రహం', 'పరిగ్రహం' అని రెండు మాటలున్నవి. రెండింటిలోనూ ఉన్నది 'గ్రహ' ధాతువే, అనగా పట్టుకొనుట. ఉపసర్గ మారగానే దారులు వేరైనవి. చక్కగా ఒకచోట చేర్చి కూర్చడం సంగ్రహం. అన్నివైపుల నుండి తెచ్చి తనదిగా చేసుకోవడం పరిగ్రహం. యోగశాస్త్రం అపరిగ్రహాన్ని యమాలలో ఒకటిగా లెక్కించింది గాని, సంగ్రహాన్ని ఎక్కడా నిషేధించలేదు. కాళిదాసు రఘుమహారాజును వర్ణిస్తూ, సజ్జనులు పుచ్చుకొనేది మేఘాలవలె తిరిగి ఇవ్వడానికే అన్న భావం చెప్పినాడు. ఈ భేదం నాకు వ్యాకరణ పాఠంలో కన్న ముందుగా సిగరెట్టు పెట్టెల అట్టల మధ్య తెలిసింది. ఆ సంగతే ఈ వ్యాసం.

మా ఊరి పేరులోనే కాగితం ఉన్నది. ఒకనాటి కొత్తపేట, 1938లో నిజాం పాలనలో సిర్పూర్ పేపర్ మిల్లు స్థాపితమైన తరువాత, కాగజ్‌నగర్ అయినది. 1942లో ఉత్పత్తి మొదలైనది. మిల్లుతోపాటు దేశం నలుమూలల నుండి కుటుంబాలు వచ్చినవి. ఒకే వీధిలో తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, బెంగాలీ వినిపించేవి. మాకు బడి కన్న రైల్వే స్టేషను పెద్ద పాఠశాల. మద్రాసు – ఢిల్లీ మార్గంలో పోయే బండ్ల నుండి ప్రయాణికులు పారవేసిన అగ్గిపెట్టెలు, సిగరెట్టు పెట్టెలు ఏరుకోవడానికి పిల్లలం పోటీపడేవాళ్ళం. సిగరెట్టు పెట్టె ముందుభాగాన్ని చించి చదును చేస్తే అది 'పత్తా'. హైదరాబాదులో తయారయ్యే పసుపుపచ్చని చార్మినార్ పత్తా ఎక్కడ చూసినా దొరికేది కాబట్టి దానికి విలువ తక్కువ. ఏ దూరపు ఊరి సరుకో అయితే పది చార్మినార్లకు ఒకటి. ఈ లెక్కలు ఎవరు నిర్ణయించినారో తెలియదు గాని, ఊరంతటా అవే చెల్లేవి.

మేము పారవేసిన అట్టలతో ఆడిన ఆటకు, పాశ్చాత్య దేశాలలో ఒక శతాబ్దపు చరిత్ర ఉన్నదని చాలా ఏండ్ల తరువాత చదివి తెలుసుకున్నాను. 1880 ప్రాంతంలో అమెరికాలో సిగరెట్లు మెత్తని కాగితపు పొట్లాలలో అమ్మేవారు. అవి నలిగిపోకుండా లోపల ఒక గట్టి అట్టముక్క పెట్టేవారు. ఆ ఖాళీ అట్టమీద బొమ్మ అచ్చువేస్తే గిరాకీ పెరుగుతుందని వ్యాపారులు గ్రహించినారు. ఆటగాళ్ళు, పక్షులు, జెండాలు, ఓడలు, ఇరవై అయిదో యాభయ్యో ఒక వరుస. వరుస పూర్తికావాలంటే ఇంకొక పెట్టె కొనాలి. కంపెనీ లెక్కలో ఇది కేవలం ఆశ పెట్టే ఉపాయం. అయితే ఆ ఉపాయంలో ఒక చిక్కు ఉన్నది. పొట్లంలో ఏ బొమ్మ ఉన్నదో కొనేవానికి తెలియదు. కావలసినది రాదు, వచ్చినదే మళ్ళీ వస్తుంది. కాబట్టి ఎవరి వరుసా ఒంటరిగా పూర్తికాదు. నా దగ్గర రెండున్నది నీ దగ్గర లేదు, నీ దగ్గర రెండున్నది నాకు లేదు. లాభం కోసం పన్నిన ఉపాయమే మనుషులను ఒకరి గుమ్మంలోకి ఒకరిని నడిపించింది.

ఇంగ్లండులో ఈ కార్డులు ఇంటింటి వస్తువులైనవి. పొగాకు దుకాణాల బయట పిల్లలు నిలబడి, వచ్చేపోయే పెద్దలను కార్డు అడిగి తీసుకొనేవారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కాగితం కరువై 1940లో అక్కడ వాటి ముద్రణ ఆగిపోయినది. ఎడ్వర్డ్ వార్టన్-టైగర్ అనే ఆయన జీవితమంతా కూర్చిన పదిలక్షలకు పైబడిన కార్డులను బ్రిటిష్ మ్యూజియానికి రాసి ఇచ్చి 1995లో కన్నుమూసినాడు.

కాని ఈ చరిత్రలో నేను తలవంచి నమస్కరించేది ఒక కార్మికునికి. ఆయన పేరు జెఫర్సన్ బర్డిక్. 1900లో జన్మించినాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ నగరంలో విద్యుత్ పరికరాలు తయారుచేసే కర్మాగారంలో భాగాలు బిగించే పని ఆయనది. పెండ్లి చేసుకోలేదు. నడివయస్సు రాకముందే కీళ్ళవాతం పట్టుకున్నది. ఏండ్లు గడిచేకొద్దీ వేళ్ళు వంకరపోయి, చిన్న కాగితం ఎత్తడం కూడా బాధ అయినది. ఆ చేతులతోనే ఆయన కార్డులు, వ్యాపార ప్రకటనల చీట్లు, శుభాకాంక్ష పత్రాలు, మూడులక్షలకు పైగా సేకరించినాడు. వాటిలో బేస్‌బాల్ ఆటగాళ్ళవి ముప్పైవేల పైచిలుకు.

ఆయన గొప్పతనం సంఖ్యలో లేదు. ఆ రోజులలో ఏ కార్డు ఏ వరుసలోనిదో, ఏ కాలంనాటిదో చెప్పే గ్రంథమే లేదు. తెలిసినవాడు తెలియనివానిని మోసగించడానికి అంతకన్న అనువైన సమయం ఉండదు. బర్డిక్ తనకు తెలిసినదంతా బయటపెట్టినాడు. 1937లో కార్డు సేకరణకర్తల కోసం ఒక చిన్న పత్రిక మొదలుపెట్టి, 1939లో ఒక పట్టిక ప్రచురించినాడు. తరువాత అదే 'అమెరికన్ కార్డ్ కాటలాగ్' అయినది. పంతొమ్మిదవ శతాబ్దపు పొగాకు కార్డులకు ఒక అక్షరం, ఇరవయ్యవ శతాబ్దపు వాటికి ఒకటి, మిఠాయి కార్డులకు మరొకటి, ఆ పైన సంఖ్య. నేటికీ లోకం ఆ గుర్తులనే వాడుతున్నది. ఇది ఒక్కని పనీ కాదు. ఊరూరా ఉన్న సేకరణకర్తలు తమ దగ్గర ఉన్నవాటి వివరాలు ఉత్తరాలలో రాసి పంపినారు. ముఖాలు ఎరుగని మనుషులు తపాలాలో కార్డులు పంపి, బదులు కార్డు కోసం నమ్మకంతో ఎదురుచూసినారు. ఒక విద్యను పదిమంది కలిసి కట్టుకున్న తీరు అది.

1947లో బర్డిక్ తన సేకరణనంతా న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇస్తానని ముందుకు వచ్చినాడు. అక్కడి ముద్రిత చిత్రాల విభాగాధిపతి హయత్ మేయర్ స్వీకరించినాడు. అయితే లక్షల కార్డులను సరిగా అమర్చే పని ఎవరు చేస్తారు? ఇచ్చినవాడే చేసినాడు. ఉద్యోగం విడిచిన తరువాత, 1959 చివర న్యూయార్క్‌కు మకాం మార్చి, మ్యూజియంలో ఒక బల్ల దగ్గర కూర్చుని, వంకరపోయిన వేళ్ళతో ఒక్కొక్క కార్డు ఆల్బములలో అతికించినాడు. వైద్యులు ఇచ్చిన మందులతో బాధను అణచుకుంటూ మూడేండ్లకు పైగా ఆ పని సాగింది. 1963 జనవరిలో చివరి కార్డు అతికించి, ఇక తిరిగి రానని చెప్పి వెళ్ళినాడట. మరునాడు ఆసుపత్రిలో చేరినాడు. ఆ మార్చి 13న మరణించినాడు.

ఆయన ఇచ్చినవాటిలో హోనస్ వాగ్నర్ అనే ఆటగాని కార్డు ఒకటి ఉన్నది. 1909 – 1911 మధ్య వెలువడిన వరుసలోనిది. మధ్యలోనే దాని ముద్రణ ఆగిపోవడం వల్ల అరుదైనది. బర్డిక్ కాటలాగులో దాని వెల 50 డాలర్లు. ఆ రోజులలో అదే అన్నిటికన్న ఎక్కువ. 2022లో అటువంటి కార్డు ఒకటి డెబ్బై రెండున్నర లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది. నేటి వెలతో చూసి బర్డిక్ అమాయకుడని నవ్వేవారు ఉండవచ్చు. ఆ వెల కట్టడానికి ఆధారమైన పేరూ, సంఖ్యా, వరుసా ఆయన ఉచితంగా పంచినవేనని వారు మరచిపోరాదు.

పరదేశపు కథ ఎందుకు, మన దగ్గర లేరా అని మీరు అడుగుతారు. ఉన్నారు, మా గోదావరి ఒడ్డుననే ఉన్నారు. పూర్వపు కరీంనగర్ జిల్లాలో, నేటి జగిత్యాల జిల్లాలో, గోదావరిలో పెద్దవాగు కలిసేచోట కోటిలింగాల అనే గ్రామం ఉన్నది. అక్కడి పాటిదిబ్బ మీద నేలపైననే పాతనాణేలు దొరికేవి. అవి కరిగితే రాగి, సీసం. తెలియనివానికి అంతకు మించి విలువ లేదు. తెలిసినవానికి అవి దాచుకోదగిన సొత్తు. ధర్మపురి ప్రాంతపు సంగనభట్ల నరహరిశర్మ గారు వాటిని శ్రద్ధగా సేకరించినారు. సేకరించి పెట్టెలో దాచలేదు. శాసన పరిశోధకులు పరబ్రహ్మశాస్త్రి గారి చేతిలో పెట్టినారు. శాస్త్రి గారు చదివితే గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అనే పాలకుల పేర్లు బయటపడినవి. అంతవరకు చరిత్రకారులు విననివి. చిముక అనే పేరూ కనిపించింది. అతడే పురాణాలు చెప్పే శాతవాహన మూలపురుషుడు శ్రీముఖుడని పలువురు పండితులు భావించినారు. 1979 నుండి రాష్ట్ర పురావస్తుశాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల తొలిరోజుల చర్చలో తెలంగాణకు పీట పడినది.

ఆ పిమ్మట శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం వచ్చి ఆ ప్రాంతంలో కొంత నేలను ముంచినది. నేలమీది ఆనవాళ్ళు నీటికి చిక్కినా, ఆ పేర్లు పుస్తకాలలో నిలిచినవి. ఒక మనిషి తన దోసిట్లోనిది మరొకని దోసిట్లో పోసినాడు కాబట్టి నిలిచినవి. బొమ్మకార్డుకూ శాతవాహన నాణేనికీ సాపత్యం ఏమిటని అనకండి. వస్తువు వేరు, గుణం ఒకటే.

హైదరాబాదులో జగదీశ్ మిత్తల్, కమల దంపతులు తాము ఏరికూర్చిన చిత్రాలనూ, కళాఖండాలనూ 1976లో ఒక ట్రస్టుకు అప్పగించి మ్యూజియంగా మార్చినారు. చిత్రకారులైన ఆ దంపతులదీ ఇదే మార్గం.

ఇక నా సంగతి. నేను బర్డిక్‌ను కాను. ఆరవ తరగతిలో నాతో చదివిన మిల్లు కార్మికుని కుమారుడు ఒకడు, తండ్రి పని మాని సొంత ఊరికి వెళ్తుండగా, తన అగ్గిపెట్టె బొమ్మల పుస్తకం నా చేతిలో పెట్టిపోయినాడు. బండి కదిలే ముందు ఇచ్చినాడు. బదులు ఏమీ అడగలేదు. నాలుగువందల దాకా బొమ్మలు. ఆ పుస్తకాన్ని నేను ఎవరికీ తాకనివ్వలేదు. ఒక్క నేస్తుడు మాత్రం పదేపదే బతిమాలితే, రెండేసి ఉన్నవాటిలోంచి నాలుగు బొమ్మలు, మనస్సు ఒప్పకుండానే ఇచ్చినాను. పై చదువుకు వెళ్ళి, కొన్నేండ్ల తరువాత అటక దించి చూస్తే పుస్తకం చెదలపాలు. అట్ట మిగిలింది, లోపల మన్ను.

ఉపాధ్యాయుడనైన పిదప తరగతిలో పిల్లల దగ్గర బబుల్‌గమ్ పొట్లాలలో వచ్చిన క్రికెట్ కార్డులు, ఆ తరువాత కుస్తీవీరుల ట్రంప్ కార్డులు గుంజుకొని బల్ల సొరుగులో వేసేవాడిని. ఒకసారి మధ్యాహ్నం విరామంలో, కొత్తగా చేరిన పిల్లవాడు ఒట్టి చేతులతో నిలబడి ఉండగా, చుట్టూ కూర్చున్నవారు తలా ఒక కార్డు వాని ముందు పెట్టడం కిటికీలోంచి చూసినాను. కార్డులు లేకపోతే వాడు ఆటలోకి రాలేడు, వాడు రాకపోతే ఆట సాగదు. ఆ లెక్క వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. ఆ సాయంకాలం సొరుగు తెరిచి ఎవరివి వారికి ఇచ్చివేసినాను.

పదిహేనేండ్ల క్రితం బెల్లంపల్లిలో ఒక పెండ్లికి వెళ్ళినప్పుడు ఆ చిన్ననాటి నేస్తుడు కనిపించినాడు. ఇంటికి తీసుకుపోయి పాత డైరీ ఒకటి తెరిచినాడు. అందులో నా నాలుగు అగ్గిపెట్టె బొమ్మలు, రంగు వెలిసి, అయినా చెక్కుచెదరకుండా అతికించి ఉన్నవి. "తీస్కపోరా, నీయే గద" అన్నాడు. నేను తీసుకోలేదు. నా దగ్గర ఏమైపోయినవో నాకు తెలుసు కదా.

మా మిల్లు 2014లో మూతపడి, 2018లో కొత్త యాజమాన్యంతో మళ్ళీ తెరుచుకున్నది. ఆ నాలుగేండ్లలో ఊరు వదిలిపోయిన కుటుంబాలు ఎన్నో. అటకల మీద, ట్రంకుపెట్టెల అడుగున, పాత ఫోటోలు, మిల్లు గుర్తింపు చీట్లు, పండుగ కరపత్రాలు, పిల్లల పత్తాలు ఇంకా ఉండే ఉంటవి. మా ఊరి చరిత్ర సగం ఆ కాగితాలలోనే ఉన్నది. చదువరులలో ఎవరి ఇంటనైనా అటువంటివి ఉంటే చెదలకు వదలకండి. చదవగలిగినవారి చేతిలో పెట్టండి. మీ పేరు రాసి మరీ ఇవ్వండి. ఇచ్చినవాని పేరు కూడా చరిత్రలో భాగమే.